శుష్కహస్త కంకణోపాఖ్యానం

కావ్యం రాయాలంటే సముద్రం మీద వారధి కట్టాలి. లేదా మందరపర్వతాన్ని దించి సముద్రాన్ని చిలకాలి. అదీ చేతకాకపోతే అగస్త్యుడిలా ఒక్క గుక్కలో పట్టెయ్యాలి. మన పెద్దవాళ్లు సముద్రంతో పెట్టుకున్న పేచీలన్నీ ఈ కొలతలోవే. నా పేచీ అంత పెద్దది కాదు. సముద్రం నా ఎడమచేతి చిటికెనవేలి దగ్గరికి రాకూడదు, అంతే. మిగతా చోట్ల అది ఎంత ఎగిరిపడ్డా, ఎన్ని ఓడల్ని మింగినా నాకేం అభ్యంతరం లేదు.

ఈ పేచీలో నా పక్షాన నిలబడ్డ వీరుడు ఒక వలయం. చన్నీళ్లలో డైవింగుకి వేసుకునే డ్రైసూటు చేతిచివర ఒకటి, దానికి తగిలించే తొడుగు మూతికి ఒకటి. రెండూ ఒకదాన్నొకటి కౌగిలించుకుని టక్కుమంటే లోపల చెయ్యి పొడిగా, వెచ్చగా ఉంటుంది. డైవర్లు దీన్ని డ్రై గ్లవ్ రింగ్ అంటారు. కావ్యంలో రింగు అంటే ఫోను మోగినట్టుంటుంది కనక నేను కంకణం అంటాను. పైగా కంకణం కట్టుకున్నవాడు క్రతువు మధ్యలో లేచిపోకూడదని మనకో కట్టుబాటు ఉంది. అదే లేకపోతే నేను మొదటిరోజు సాయంత్రమే లేచిపోయేవాణ్ణి.

సంప్రదాయం ప్రకారం దేవతాస్తుతి, ఆ తర్వాత కుకవినింద చెయ్యాలి. స్తుతి కొంచెం ఆలస్యంగా వస్తుంది, దేవుడు ఇంకా కంకణాల పెట్టెలోంచి బయటికి రాలేదు. నింద మాత్రం ఇప్పుడే కానిచ్చేస్తాను. "ఏముంది, పది నిమిషాల పని" అంటూ ఈ పెట్టెను నాకు అంటగట్టిన అంగడివాడి పేరు చెప్పను. వాడి పది నిమిషాలు బ్రహ్మదేవుడి గడియారంలోవి.

ఇక నాయకుడి వంశం. 1830ల్లో లండన్‌లో ఆగస్టస్ సీబే తయారుచేసిన డైవింగు దుస్తుల్లో నెత్తిన రాగి బుర్ర, కింద ఒళ్లంతా కప్పే అంగీ. చేతులు మాత్రం రబ్బరు పట్టీల్లోంచి బయటికి పొడుచుకొచ్చి, నీళ్లలో నానుతూ ఉండేవి. రాజుగారికి మేడ కట్టి ద్వారపాలకుల్ని వానలో నిలబెట్టినట్టు. ఈ వంశంలో ఇంకో శాఖ ఆకాశానికి వెళ్లింది. 1969లో చంద్రుడి మీద కాలుపెట్టిన వాళ్ల చేతితొడుగులు కూడా మణికట్టు దగ్గర లోహవలయంతో బిగించినవే. అక్కడ లోపలి గాలి బయటికి పోకూడదు, ఇక్కడ బయటి నీళ్లు లోపలికి రాకూడదు. దాయాదులన్నమాట. చంద్రుడి మీదికి వెళ్లిన శాఖకు ఫొటోలూ స్టాంపులూ దక్కాయి. నీళ్లలోకి దిగిన శాఖకు కవిగా నేను దక్కాను.

ఏతత్కథా ప్రారంభం బెట్టిదనిన,

అమెరికా వాయవ్యపు మూల ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయ ఉంది. దాని ఒడ్డున సియాటిల్ నగరం. నగరం పక్కనున్న సరస్సుకి అవతలి గట్టున బెల్‌వ్యూ, రెడ్‌మండ్ ప్రాంతాల్లో నావంటి తెలుగువాళ్లు పగలంతా కంప్యూటర్లు మేపుకుని, సాయంత్రానికి గోంగూర ఎక్కడ వచ్చిందో వాట్సాప్‌లో విచారించుకుంటూ ఉంటారు. నగరానికి పడమట ఆల్కై తీరం, ఆ దారిలో సీక్రెస్ట్ పార్కు, ఆ పార్కు పక్కన కోవ్ 2 అని డైవర్లు పిలుచుకునే ఓ మూల. ఎదురుగా ఎలియట్ అఖాతం. దాని అవతల మేడలన్నీ నీళ్లలో తమ నీడ చూసుకుంటూ తలలు దువ్వుకుంటాయి. శనివారం పొద్దున్నే ఈ ఒడ్డున కార్ల డిక్కీలు తెరుచుకుని, వాటి ముందు మనుషులు బట్టలు మార్చుకుంటూ, సిలిండర్లు మోసుకుంటూ కనిపిస్తారు. పుష్కరాల రేవులా ఉంటుంది, పిండప్రదానాలు ఒక్కటే తక్కువ.

ఆ నీళ్లు ఏడాది పొడుగునా 8 నుంచి 12 డిగ్రీలు. నేను భీమిలి వాణ్ణి. మా సముద్రంలోకి మే నెలలో దిగితే ఎవరో ముందే మరిగించి, తోడేసి, చల్లార్చినట్టుంటుంది. మా ఊళ్లో చన్నీళ్లంటే కుండలో నీళ్లు. ఆల్కైలో మొదటిసారి మోకాలి దాకా దిగి బయటికొచ్చి, మోకాళ్లు రెండూ ఉన్నాయో లేవో వంగి చూసుకున్నాను. నీళ్లు గాలికంటే 20 రెట్లకు పైగా వేగంగా ఒంటి వేడిని లాగేస్తాయి. అందుకే డ్రైసూటు. మెడ దగ్గర, మణికట్ల దగ్గర సన్నని లేటెక్స్ రబ్బరు పట్టీలు, మధ్యలో గాలి, ఆ గాలి లోపల దుప్పటిలాంటి లోదుస్తు. సూటు వేసుకున్నవాడు నీళ్లలో ఉన్నా నీళ్లలో లేనట్టే, తామరాకు మీది బొట్టును తిరగేసినట్టు.

కాని చేతులు? చేతులు కోట బయటే ఉండిపోయాయి.

వాటికి మామూలుగా నియోప్రీన్ తొడుగులు వేస్తారు. అవి తడి తొడుగులు, నీళ్లు లోపలికొచ్చి కూర్చుంటాయి, ఆ నీళ్లను మన వేళ్లు కాచుకోవాలి. అంటే అద్దెకొచ్చినవాడికి అన్నం కూడా మనమే వండిపెట్టడం. మొదటి పది నిమిషాలు హాయి. ఇరవయ్యో నిమిషానికి వేళ్లు పెళ్లికొచ్చిన దూరపు చుట్టాల్లా ఎవరి మాటా వినవు. అరగంటకి, సూటులోకి గాలి వదిలే బటన్ నొక్కుతున్నానో, ఛాతీ మీద దోమను కొడుతున్నానో తెలియని స్థితి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాడని సామెత. చేతులు గడ్డకట్టాక ఆకులు కూడా పట్టుకోలేం. అలా ఓ శనివారం, నడుము దగ్గర కొక్కేనికి లైటు తగిలించడానికి నేను చేసిన ఏడు ప్రయత్నాలు చూసి మా బావమరిది పైకొచ్చాక అన్నాడు: "బావా, నీకు కంకణం పడాల్సిందే."

పెట్టె వచ్చింది. వంటింటి బల్ల యజ్ఞశాల అయింది. మా ఆవిడ "ఏవండీ, పోపు పెట్టే టైముకి ఖాళీ అవుతుందా?" అని అడిగింది. పది నిమిషాలన్నాను. అప్పుడు శుక్రవారం సాయంత్రం ఆరు.

పెట్టెలోంచి వరసగా అవతరించారు. చేతికి నాలుగు చొప్పున ఎనిమిది వలయాలు. 90 మిల్లీమీటర్ల వ్యాసం, నీలంరంగు పూత, అంచులు గాజుల కొట్టువాడు కూడా నెమ్మదిగా పట్టుకునేంత నున్నన. వాటిల్లో సూటు వైపు జంట ఒకటి, తొడుగు వైపు జంట ఒకటి. మెలితిప్పితే పడే కంకణాలు లోకంలో ఉన్నాయి, నొక్కితే పడేవీ ఉన్నాయి. నావి నొక్కుడువి. తర్వాత ఓ జత పీవీసీ తొడుగులు, చేపల పడవల మీద పనివాళ్లు వేసుకునే రకం, ముదురు నీలం. చిట్టచివర, ఓ చిన్న ప్లాస్టిక్ సంచిలో, ముడుచుకుని పడుకున్న నల్లటి రబ్బరు దారాల్లాంటివి. అవే ఓ-రింగులు. వాటి దగ్గరికి తర్వాత వస్తాను, నిలబడి రావాల్సిన చోటు అది.

ముందు సూటు చెయ్యి. లోపలి వలయాన్ని చేతిలోకి దూర్చి, సూటు గుడ్డా లేటెక్స్ పట్టీ కలిసే చోటికి తేవాలి. బయటి వలయాన్ని పైనుంచి ఎక్కించి నొక్కాలి. గుడ్డ రెండిటి మధ్య బిగుసుకోవాలి. వినడానికి ఇడ్లీపాత్ర మూత పెట్టినట్టుంది కదా. చెయ్యడానికి, నిద్రపోతున్న ఏనుగుకి ఉంగరం తొడిగినట్టుంటుంది. ఒక వైపు దిగితే రెండో వైపు లేస్తుంది. రెండూ దిగితే మధ్యలో గుడ్డ ముడత పడుతుంది. ముడత పడితే విప్పి మళ్లీ మొదలెట్టాలి, ఎందుకంటే ఆ ముడతే రేపు సముద్రానికి పంటకాలువ. సబ్బునీళ్లు రాశాను. వలయం జారింది, నేనూ జారాను. కింద ఆనుకోవడానికి సరైన లావున్న గట్టి వస్తువు కావాలి. ఇల్లంతా వెతికితే అచ్చంగా సరిపోయింది కందిపప్పు స్టీలు డబ్బా. దాని మీద సూటు చెయ్యిని నిలబెట్టి, పైనుంచి అప్పడాల కర్ర అడ్డంగా పెట్టి, దాని మీద నా బరువంతా వేశాను. ఆ క్షణంలో నేను శివధనుస్సు ఎక్కుపెడుతున్న రాముడిలా ఉన్నానని నా అభిప్రాయం. మా ఆవిడ అభిప్రాయం వేరు.

"కొబ్బరినూనె రాస్తే జారదూ బావా?" అన్నాడు బావమరిది. వాణ్ణి సారథిగా పిలిచాను, కాని వాడిది శల్యసారథ్యం. లేటెక్స్‌కి నూనె పరమశత్రువు. కొబ్బరినూనె కానీ, వాజిలీన్ కానీ తగిలిందా, రబ్బరు ఉబ్బి, మెత్తబడి, ఓ రోజు నీళ్లలో మర్యాద లేకుండా చిరిగిపోతుంది. పట్టీలకి సువాసన లేని టాల్కం పౌడరు, ఓ-రింగుకి సిలికాన్ గ్రీజు. ఇద్దరు దేవుళ్లకి రెండు నైవేద్యాలు, ఒకరిది ఒకరికి పెట్టకూడదు.

టక్.

ఆ శబ్దం గురించి ఒక్కమాట. పెళ్లిలో జీలకర్రా బెల్లం పెట్టే వేళ భజంత్రీలు ఒక్కసారిగా ఎత్తుకుంటారు చూశారూ, ఆ మోత మొత్తాన్ని పిండి చుక్కగా చేస్తే ఈ టక్కు వస్తుంది. ఎడమ చెయ్యి అయిందనిపించుకునే సరికి ఎనిమిదింబావు. పోపు పొయ్యి పక్కనే నిలబడి పెట్టుకున్నారు.

తొడుగు వైపు పని సులువన్నారు. నిజంగానే సులువు. తొడుగు మూతిని వలయంలోంచి లాగి, అంచు మీదుగా మడిచి, లోపలి వలయంతో బిగించడమే. అరగంటలో పూర్తిచేసి, గర్వంగా కంకణాలు కలిపి, చెయ్యి దూర్చి చూస్తే బొటనవేలు దూరాల్సిన సంచి చిటికెనవేలి పక్కన ఉంది. దెయ్యాలకి పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయని మా నాయనమ్మ చెప్పేది, చేతుల సంగతి ఆవిడ చెప్పలేదు. ఆ చేత్తో నన్ను చూసి మా చిన్నది నిజంగానే భయపడింది. విప్పాను. ఈసారి ముందే సూటు వేసుకుని, చెయ్యి చాపి, బొటనవేలు ఎటు చూస్తుందో అక్కడ రెండు వలయాల మీదా తెల్లటి పెన్నుతో గీత గీశాను. పంచాంగం లేకుండా ముహూర్తం పెడితే ఇంతే.

ఇప్పుడు ఆయన దగ్గరికొద్దాం.

ఓ-రింగు. సేమియా కంటే కాస్త లావు. నలుపు. కొలిస్తే మూడు మిల్లీమీటర్లు కూడా లేదు. కంకణం ఒంటి మీద వేలిగోరు పట్టేంత గాడి ఉంటుంది, అందులో ఈయన శేషశయనం. రెండు వలయాలు కలిసినప్పుడు ఈయన మధ్యలో నలిగి, చదునై, అటు ఇటు గోడలకి ఒళ్లు ఆనించి, దారి మూసేస్తాడు. అల్యూమినియమంతా సింహాసనమే. ఏలికలు ఈ నల్లాయనే. బయట పది మీటర్ల లోతులో ఒత్తిడి నీటి పైనున్న దానికి రెట్టింపు. ఆ నీళ్లు వచ్చి తలుపు తడితే, లోపల గొళ్లెంగా ఉన్నది ఈ సేమియా పోగు. వేలికొసన మినపగింజంత సిలికాన్ గ్రీజు తీసుకుని, ఆయన ఒంటి చుట్టూ జారవిడుస్తుంటే, గరుకు తగిలితే ఆగి, దీపం దగ్గర పెట్టి చూసి, మళ్లీ జారవిడుస్తుంటే, నాకు తెలియకుండానే నోటివెంట దండకం వచ్చింది:

శ్రీరబ్బరూపా! మహాకృష్ణవర్ణా! సువృత్తా! విలోకింప నూలంత సన్నమ్ము, నీ శక్తి సంద్రమ్ము నాపంగ నేర్చుంగదా. నీదు మేనన్ సిలీకోను జిడ్డింత పూయంగ, నీవొక్క గాడిన్ పరుండంగ, మాకెంత ధైర్యమ్ము! చిన్నారి కేశమ్ము నీమేనిపై వ్రాల మాకొంప మున్గున్ గదా తండ్రి! కాపాడు, కాపాడు! మాచేయి నీచేత పెట్టంగ వచ్చాను, నన్నేలు, నన్నేలు, ఓరింగు దేవా! నమస్తే నమస్తే నమః.

ఈ దండకంలో కేశమని అన్నాను, గుర్తుపెట్టుకోండి. మా ఇంట్లో ముగ్గురికి పొడుగు జుట్టు ఉంది. నాకు లేదు. ఓ-రింగు మీద ఒక్క వెంట్రుక అడ్డం పడితే చాలు, దాని పక్కనుంచి నీళ్లు చీమలబారులా వస్తాయి. అంచేత ఇంట్లో స్త్రీజనమంతా వంటింటి గడప దాటి రాకూడదని శాసనం చేశాను. ఆ శాసనం ఎంతసేపు అమలైందో వివాహితులైన పాఠకులకు చెప్పక్కర్లేదు.

తర్వాత తొట్టిపరీక్ష. గిన్నెలు కడిగే తొట్టినిండా నీళ్లు పట్టి, సూటు చేతిని తొడుగుతో సహా ముంచి, చెయ్యి పైభాగాన్ని చుట్టచుట్టి గాలిని ముందుకు నెట్టాలి. బుడగ లేస్తే అక్కడ తప్పు. మాకు లేవలేదు.

యుద్ధానికి ముందు గీతోపదేశం ఉండాలి కాబట్టి ఇక్కడ వేదాంతం వస్తుంది. డ్రై గ్లౌజుల లోకంలో మతభేదం ఒక్కటే, అది చాలా పాతది. సూటులోని గాలీ తొడుగులోని గాలీ ఒకటా, వేరా?

మణికట్టు దగ్గర లేటెక్స్ పట్టీ ఉంటుందని చెప్పాను కదా. కంకణం దానికి బయట. పట్టీ చర్మాన్ని గట్టిగా పట్టుకుని ఉంటే తొడుగులోని గాలి తొడుగులోనే ఉంటుంది. వేరు వేరు. ఇది ద్వైతం. దీని సుఖమేమిటంటే, తొడుగుకి చిల్లుపడ్డా తడిసేది చెయ్యే, సూటు పొడిగా ఉంటుంది. కష్టమేమిటంటే కిందికి దిగేకొద్దీ గాలి నలుగుతుంది. పది మీటర్ల దగ్గర సగమవుతుంది, ముప్ఫైకి పావువంతు. సూటులోకైతే బటన్ నొక్కి గాలి పోసుకోవచ్చు. తొడుగులోకి పోసేదెవరు? తొడుగు ముడతలు పడి, ఆ ముడతలు చర్మాన్ని పట్టుకుని, పెద్దమ్మ బుగ్గ గిల్లినట్టు ఒకేసారి పది చోట్ల గిల్లుతాయి.

అద్వైతులు దీనికి చిన్న ఉపాయం చేశారు. లేటెక్స్ పట్టీ కింద ఓ సన్నని గొట్టం ముక్క దూరుస్తారు, ఇంట్లో చేపల తొట్టికి గాలి పంపే గొట్టంలాంటిది, రెండంగుళాలు. దాంట్లోంచి సూటు గాలి తొడుగులోకి వస్తుంది, పోతుంది. అంతా ఒకే వాయువు. గిల్లుళ్లు లేవు, వేళ్ల దగ్గరికి వెచ్చని గాలి. కాని మాయ ఎక్కడ ఉందంటే, గాలికి తెరిచిన దారిలో నీళ్లు టిక్కెట్టు అడగవు. తొడుగు చిరిగితే సముద్రం గొట్టంగుండా సూటులోకి నడిచొస్తుంది. మధ్యేమార్గం విశిష్టాద్వైతులది. గొట్టానికి బదులు ఊలు పోగులు పెడతారు. గాలి నెమ్మదిగా వస్తుంది, రావాల్సొస్తే నీళ్లూ నెమ్మదిగా వస్తాయి. ఒకరోజు మూడు మతాలవాళ్లూ ఆల్కై ఒడ్డున ఓ కారు దగ్గర కలిశారు. డైవింగుకి దిగడానికి గంటన్నర ఆలస్యమైంది. నేను గొట్టం పెట్టుకున్నాను. గిల్లుళ్లు నాకు పడవు, చిన్నప్పుడు లెక్కల మాస్టారితో ఆ కోటా పూర్తయింది.

ఇక సమరఘట్టం.

శనివారం, కోవ్ 2, పొద్దున ఎనిమిది. ముందు ఊలు చేతిజోడు, ఎర్రది, వెచ్చదనమంతా నిజానికి దీనిదే, తొడుగు కేవలం గొడుగు. దాని మీద కుడి తొడుగు. ఎడమచేత్తో పట్టుకుని, గీతకి గీత కలిపి, ఒక అంచు ముందు ఆనించి, అరచేత్తో నొక్కితే టక్. కుడి చెయ్యి జయించింది. ఇప్పుడు ఎడమ. ఎడమకి తొడగాల్సింది ఎవరు? కుడి చెయ్యి. కుడి చేతికి అప్పటికే చేపలవాడి తొడుగు ఉంది. దాంతో దేన్నైనా పట్టుకోవచ్చు గాని, ఏం పట్టుకున్నామో తెలియదు. భీముడికి సూదిలో దారం ఎక్కించమని ఇచ్చినట్టు. తోటివాడి సాయం లేకుండా రెండో కంకణం పడటం కష్టం. అందుకే డైవింగుకి జంటగా వెళ్లాలన్న నియమం పెట్టారేమోనని నా అనుమానం, మిగతా కారణాలన్నీ తర్వాత చేర్చినవి.

"ఇలా తే బావా, బిగిస్తాను."

"నెమ్మదిరా, పోగులేవైనా పడ్డాయేమో చూడు."

"ఏం లేవు. నీకన్నీ అనుమానాలే."

టక్. పాఠకులు ఆ 'ఏం లేవు' అన్న మాట కూడా గుర్తుపెట్టుకోవాలి.

చేతులు పైకెత్తి చూశాను. సూటులోని గాలి గొట్టాల్లోంచి పైకి పాకి తొడుగుల్లో చేరింది, వేళ్లు పదీ నూనెలో పడ్డ పూరీల్లా పొంగాయి. దించితే మళ్లీ కుంగాయి. అద్వైతసిద్ధి. ఒడ్డున కుక్కను తిప్పుతున్న ఒక పెద్దాయన, నేను లొంగిపోతున్నాననుకున్నాడేమో, తనూ చేతులెత్తి నవ్వాడు.

దిగాం. మూడు మీటర్లు, ఐదు, ఎనిమిది. గిల్లుళ్లు లేవు. నీళ్లు ఆకుపచ్చగా, పాతసీసా గాజులోంచి చూసినట్టు. వేళ్లు వెచ్చగా ఉన్నాయి. ఆ వాక్యాన్ని ఇంకోసారి రాసుకోనివ్వండి. వేళ్లు వెచ్చగా ఉన్నాయి. కొక్కేనికి లైటు మొదటిసారికే తగిలింది. బావమరిది వైపు తిరిగి బాగుందని సైగ చేశాను. వాడివి తడి తొడుగులు. వాడి సైగలో ఉత్సాహం అంతంత మాత్రమే.

పడిపోయి ఉన్న ఇనుప దూలాల గుట్ట దగ్గర, ఒక సందులో, ఈ పాయకి మహారాణి ఉంది. జెయింట్ పసిఫిక్ ఆక్టోపస్. లోకంలోని ఆక్టోపస్‌లన్నిటిలోకీ పెద్ద జాతి. ఈ ఒడ్డున దాని మీద ఒక యుద్ధమే జరిగింది. 2012లో ఒకాయన ఇక్కడే ఒకదాన్ని పట్టి ఒడ్డుకి లాగాడు, అప్పటి చట్టం ప్రకారం తప్పు కాదు. డైవర్లందరూ భగ్గుమన్నారు. 2013లో రాష్ట్రంవాళ్లు ఈ చోటుతో కలిపి ఏడు చోట్ల ఆక్టోపస్ వేటని నిషేధించారు. ఆ అభయం పుచ్చుకున్న వంశం కనక ఆవిడ నన్ను చూసి చలించలేదు. మూడు గుండెలు. నీలి నెత్తురు, రాగి ఆధారంగా ఊపిరి మోసే నెత్తురు. ఎనిమిది చేతులు, చేతికి రెండు వరసల చూషకాలు, మొత్తం రెండువేల పైచిలుకు. ఆ చలిలో, ఆ ఎనిమిదింటిలో ఒక్కదానికీ తొడుగు లేదు. కంకణం లేదు. గ్రీజు లేదు. ఎవరితోనూ 'ఇలా తే, బిగిస్తాను' అనిపించుకునే అగత్యం లేదు. నా రెండు చేతుల కోసం ఒక శుక్రవారం రాత్రంతా వంటిల్లు ఆక్రమించుకున్న నేను, ఆవిడ ముందు చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాను.

సరిగ్గా అప్పుడు, ఎడమచేతి చిటికెనవేలి మొదట్లో, ఒక చుక్క.

ముందు రాయబారి వచ్చాడు. చల్లగా, వినయంగా, ఒకే ఒక్క చుక్క, ఊలు జోడులోకి ఇంకి కూర్చున్నాడు. అనుమానమేమో అనుకున్నాను. చెమటేమో అనుకున్నాను. చెమట 9 డిగ్రీలు ఉండదని గుర్తొచ్చింది. రెండో చుక్క సంధి మాటలు మానేసింది. మూడోదానికి లెక్క తప్పింది. చిటికెనవేలు పడిపోయింది, ఉంగరపువేలు అడ్డంగా నిలబడి పోరాడి నేలకొరిగింది. మధ్యవేలు అడుగున చల్లటి పాము పాకింది. నేను సమయం చూద్దామని గడియారం ఉన్న ఆ చేతినే పైకెత్తాను. అదే కొంప ముంచింది. తొడుగులో చేరిన నీళ్లు పల్లం చూసుకున్నాయి, మణికట్టు దగ్గర నేనే ముచ్చటపడి పెట్టుకున్న గొట్టం కనిపించింది. గొట్టంగుండా సూటు చేతిలోకి, మోచేతి దాకా. మోచెయ్యి అనేది జీవితంలో ఎన్నడూ ఏ వార్తలోకీ ఎక్కని అవయవం. ఆ రోజు దాని అరుపు నాకు స్పష్టంగా వినిపించింది.

పైకి రమ్మని సైగ చేశాను. నెమ్మదిగా, పద్ధతిగా పైకొచ్చాం. ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగే ఆనవాయితీ పాటించాం. ఆ మూడు నిమిషాల మీద విడిగా ఒక శతకం రాయొచ్చు.

ఒడ్డున కంకణం విప్పడం వేయడమంత తేలిక కాదు. అంచు దొరకబుచ్చుకుని, ఒక పక్క నుంచి లేపి, అటూ ఇటూ ఆడిస్తూ లాగాలి. ఊడి వచ్చాక తొడుగుని వంచితే నీళ్లు బయటికొచ్చాయి. ఎంతనుకున్నారు? మూడు ఉద్ధరిణెలు. ఆచమనానికి అచ్చంగా సరిపోతుంది. ఇంత సంరంభం, ఇంత పలాయనం, మోచేతి ఆర్తనాదం, అన్నీ కలిపి మూడు ఉద్ధరిణెల నీళ్లకి. బావమరిది తడి తొడుగుల్లోంచి చెరో చెంబెడు ఒంపుకుని, "నీ బాధ నాకు అర్థమవుతోంది బావా" అన్నాడు. వాడి గొంతులో జాలి నాకు వినిపించలేదు.

వెంట్రుకే అనుకున్నాను. ముగ్గురు నిందితుల్ని మనసులో వరసగా నిలబెట్టుకున్నాను. ఓ-రింగుని గాడిలోంచి తీసి, ఎండలో పెట్టి, తిప్పుతూ చూశాను. చిటికెనవేలి వైపు, గ్రీజులో అంటుకుని, అడ్డంగా పడుకుని ఉంది, గోరంత పొడుగు, ఎర్రటి పోగు. ఊలు పోగు. నా చేతిజోడుదే.

హిరణ్యకశిపుడు మనిషి వద్దన్నాడు, మృగం వద్దన్నాడు, పగలు వద్దన్నాడు, రాత్రి వద్దన్నాడు. స్తంభం సంగతి మరిచాడు. నేను దండకంలో కేశం నుంచి కాపాడమన్నాను. పోగు గురించి అడగలేదు. ఆ నల్లాయన అక్షరం తప్పకుండా వరం ఇచ్చాడు. ఒక్క వెంట్రుకను కూడా దగ్గరికి రానివ్వలేదు.

ఇంటికెళ్లి కంకణాలు మంచినీళ్లలో కడిగి, తొడుగులు తిరగేసి, స్నానాలగదిలో తీగ మీద ఆరేశాను. గాలికి అవి ఊగుతూ ఎవరినో రమ్మంటున్నట్టు ఉన్నాయి. శాసనం సంగతి, నిందితుల సంగతి ఇంట్లో ఎత్తలేదు. ఊలు పోగుని పారెయ్యడానికి మనసొప్పక ఒక చిన్న సీసాలో వేసి పెట్టాను. కందిపప్పు డబ్బా సొట్టతో సహా షెల్ఫులోకి తిరిగి వెళ్లింది. ఆ సొట్ట ఎలా వచ్చిందని నన్ను ఇంకా అడగలేదు.

ఇది శ్రీమద్భీమిలీ జన్మధారణ, ఆల్కైతీర నిత్యకంపన, మార్జితోలూఖలవత్ స్థూలాంగుష్ఠ విరాజమాన, కందిపప్పుడబ్బా భంజన ధురంధర ప్రణీతంబైన శుష్కహస్త కంకణోపాఖ్యానంబునందు వామహస్త పరాభవంబను ప్రథమాశ్వాసము. కుడిచేతి కథ, అది పొడిగానే ఉంది గనక, ద్వితీయాశ్వాసంలో రెండే వాక్యాల్లో వస్తుంది.